ఆయన సున్నాలో నేను

మా ఆయన గుండె ఎలా కొట్టుకుంటుందో రాష్ట్రంలో అందరికీ తెలిశాక, ఆఖరున నాకు తెలిసింది. ఆ గుండెను ఊరూరా పంచిపెట్టిన యంత్రాన్ని తయారుచేసినవాళ్ళలో నేనూ ఒకదాన్ని. అందుకని ఒళ్ళు మరికాస్త మండింది.

ఆ సంగతి నాకు మొదట చెప్పింది మా వీధిలోకి వచ్చే కూరగాయల బండి అప్పలస్వామి. తోటకూర కట్ట నా సంచిలో వేసి, డబ్బులు ఇవ్వబోతే చెయ్యి అడ్డం పెట్టాడు.

"వద్దులెండమ్మా. అయ్యగారి సాక్ష్యం అయ్యేతలికి మా ఆవిడ బావురుమని ఏడ్చేసిందండి. ఆ నూకరత్నం చెయ్యి పట్టుకున్నాను అన్నారు చూడండి, అబ్బబ్బ, నాకు ఒళ్ళు జలదరించిందండి బాబూ. పెళ్ళై ఇన్నేళ్ళయింది గానండి, నాకు అలాగెప్పుడూ అవలేదండి."

నాకు పెళ్ళై పద్నాలుగేళ్ళు. నాకూ ఎప్పుడూ అవలేదు. ఆ మాట అప్పలస్వామితో అనలేను కాబట్టి తోటకూర తీసుకుని ఇంట్లోకి వచ్చేశాను.

పట్టీ అంటే ఏమిటో ఇప్పుడు చిన్నపిల్లలకు కూడా తెలుసు. మా పరిశోధనశాలలో పుట్టినప్పుడు దానికి బారెడు పేరుండేది. జనం పట్టీ అన్నారు, అదే నిలిచింది. సాక్షి మెడకూ ఛాతీకీ మణికట్టుకూ మేము తీగలు అతికిస్తాం. జరిగింది చెబుతున్నప్పుడు ఊపిరి ఎక్కడ ఆగిందో, గొంతు ఎక్కడ బిగిసిందో, కడుపులో ఎప్పుడు దేవిందో ఆ తీగలు పట్టుకుంటాయి. టీవీ ముందు కూర్చున్నవాళ్ళ మణికట్టు మీద పట్టీ సన్నగా వణుకుతూ అదే ఊపిరి బిగింపునూ అదే గొంతు నొప్పినీ వాళ్ళ ఒంట్లో పుట్టిస్తుంది. బొమ్మలు రావు, ఆలోచనలు రావు. మాట టీవీలోంచి వస్తే, మనసు మణికట్టులోంచి వస్తుంది.

దేవరగుంట అల్లర్ల మీద వేసిన విచారణ సంఘం దీన్ని వాడుతుందని తెలిసిన రోజు, మా డైరెక్టర్ పరాంకుశం గారు అందరికీ పూతరేకులు పంచారు. "కమిషన్ రిపోర్టులు ఎవడు చదువుతాడమ్మా ఇందుమతీ? ఈసారి జనం సాక్షి ఒంట్లో దూరి చూస్తారు" అన్నారు. ఆయన కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఆ యంత్రం కోసం ఆయన వయసంతా ఖర్చు పెట్టారు.

దేవరగుంట మైదానంలో ఆ రోజు ఒకే పార్టీలోని రెండు వర్గాలు ఒకే సభకు వచ్చాయి. మంత్రిగారు మాట్లాడుతూ ఉండగా మైకులు మూగబోయాయి, దీపాలు ఆరిపోయాయి, గేట్లు మూసుకున్నాయి, కర్రలు లేచాయి. పదకొండు మంది తిరిగి ఇళ్ళకు రాలేదు. తొక్కిసలాట అంది మంత్రిగారి వర్గం. పథకం వేసి కొట్టారంది రెండో వర్గం. ఆ సభకు మైకు సెట్టు మా ఆయనది.

భద్రం సౌండ్స్ అంటే మా చుట్టుపక్కల పెళ్ళిళ్ళకూ జాతరలకూ మీటింగులకూ పేరున్నదే. వేదిక పక్కన పెట్టె ముందు హెడ్‌ఫోన్లు పెట్టుకుని కూర్చోవడం ఆయన పని. బయటి హారన్ స్పీకర్లు కట్టేసినా, వేదిక మీది మైకు ఆన్‌లో ఉన్నంతసేపూ ఆయన చెవిలో పలుకుతూనే ఉంటుంది. మంత్రిగారి తమ్ముడికి ఆ సంగతి తెలియదు. హారన్లు కట్టించి, మైకు పక్కనే నిలబడి, "లైట్లు తీసి గేట్లెయ్యండ్రా, అవతలోడు ఒక్కడూ నడిచి బయటికి పోకూడదు" అన్నాడు. మైదానంలో ఎవరికీ వినబడని ఆ మాట మా ఆయనకు వినబడింది. పెట్టెను ఆ అల్లర్లలోనే ముక్కలు చేశారు కాబట్టి రికార్డింగేమీ మిగల్లేదు. మిగిలినవి ఆయన చెవులే.

ఆ తరువాత చీకట్లో తన మీదికి వచ్చి పడిన ఒక మనిషిని వేదిక కిందికి లాగి, కర్రల చప్పుడు ఆగేదాకా ఆ మనిషి చెయ్యి పట్టుకుని పడుకున్నారు. ఆ మనిషే నూకరత్నం, రెండో వర్గం వాళ్ళ లారీలో వచ్చిన చేపలమ్మే ఆవిడ. ఇంతవరకూ నాకు ముందే తెలుసు. ఒక ఆడమనిషి ప్రాణం కాపాడాడని నా మొగుణ్ణి చూసి గర్వపడ్డాను కూడా. అంత తొందరపడి గర్వపడకుండా ఉండాల్సింది.

సాక్ష్యానికి ముందు ఎవరికైనా సున్నా తీయాలి. మనిషన్నాక అజీర్తి ఉంటుంది, మోకాళ్ళ నొప్పి ఉంటుంది, ఊరికే పట్టుకుని వదలని దిగుళ్ళుంటాయి. వాటిని జనానికి పంపలేం కదా. అందుకని సాక్షిని ఏ చప్పుడూ రాని గదిలో ఒంటరిగా కూర్చోబెట్టి, మామూలుగా ఉన్నప్పుడు ఆ ఒళ్ళు ఎలా ఉంటుందో రికార్డు చేసి, దాన్ని సున్నా అనుకుంటాం. సాక్ష్యం ప్రసారమయ్యేటప్పుడు, మధ్యలో మేము పెట్టిన టీవీ పెట్టె ఆ సున్నాను తీసేసి, మిగిలింది పంపుతుంది.

ఆ గదిలో ఆయన మామూలుగా ఉండలేకపోయారు. ఎప్పుడూ ఏదో ఒక స్పీకరు గుయ్యిమంటూ ఉండగా బతికిన మనిషి. అంత నిశ్శబ్దం అంతకు ముందు ఆయన విన్నది మైదానంలో మైకులు పోయినప్పుడే. తలుపు వేయగానే చొక్కా తడిసిపోయింది. తెర మీద గీత పైకీ కిందికీ గెంతుతోంది. బయట ఛానెల్ వాళ్ళు టైమైపోతోందని గోల పెడుతున్నారు.

"నువ్వెళ్ళి పక్కన కూర్చోమ్మా, కుదుటపడతాడు" అన్నారు పరాంకుశం గారు.

వెళ్ళి కూర్చున్నాను. మాట్లాడకూడదు కాబట్టి మాట్లాడలేదు. తీగలు అతికించేటప్పుడు చీర మీద పడ్డ జిగురును గోటితో గోకుతూ కూర్చున్నాను. ఇట్టే గీత సాఫీగా వచ్చేసింది. అద్దం అవతలి నుంచి పరాంకుశం గారు భేషని బొటనవేలు చూపించారు. ఆ రీడింగు సరైనదని నేనే సంతకం పెట్టాను.

ప్రసారం నడుస్తున్నప్పుడు మేము పట్టీ కట్టుకోకూడదు. చేతులు వణికితే యంత్రాన్ని ఎవరు చూస్తారు? కాబట్టి ఆ రోజు నేను చూసింది ఒట్టి గీతను. చెయ్యి పట్టుకున్నాను అని ఆయన అన్నప్పుడు ఆ గీత నింపాదిగా లేచి, పైకెళ్ళి, అక్కడే నిలబడిపోయింది. ఎంతసేపటికీ దిగలేదు. సిగ్నల్ చక్కగా వస్తోందని సంబరపడ్డాను. నా ఖర్మ.

*

విచారణ మొదలైన కొత్తలో జనం నిజంగానే వణికిపోయారు. మంగలి షాపుల్లో విచారణ అయ్యేదాకా కత్తి ముట్టుకోవడం మానేశారు. బస్సు డ్రైవర్లు పట్టీ కట్టుకోకూడదని డిపోల్లో నోటీసులు అంటించారు. చనిపోయినవాళ్ళలో ఒక కుర్రాడి తల్లి సాక్ష్యం చెప్పిన రోజు, ఎక్కడో ముక్కూమొహం తెలియని ఊళ్ళో పొయ్యిలు వెలిగించలేదట. ఆవిడకు తీగలు అతికించింది నేనే. ఆవిడ మెడ చల్లగా ఉంది. "వాడు చెప్పులు కొనుక్కోడానికెళ్ళాడమ్మా, మీటింగుకి కాదు" అని నాతో మూడుసార్లు అంది. మంత్రిగారి వర్గం వాళ్ళు పట్టీలను నడిరోడ్డు మీద పోసి రోడ్డురోలరు తొక్కించారు. తొక్కించే ముందు కొందరు కట్టుకుని చూశారనీ, ఇద్దరు ఏడ్చారనీ చెప్పుకున్నారు.

మా ఆయన సాక్ష్యం తరువాత మాత్రం జనం ధోరణి మారిపోయింది. కర్రల భయం పాతబడింది. చెయ్యి పాతబడలేదు. దానికి 'చేతి ఘట్టం' అని పేరు పెట్టి ఛానెళ్ళు మళ్ళీ మళ్ళీ వేశాయి. కొత్త దంపతులు పక్కపక్కన కూర్చుని పట్టీలు కట్టుకున్నారు. బస్సులో నా వెనక సీట్లో ఇద్దరు కాలేజీ పిల్లలు, ఆ భద్రానికి పెళ్ళైందా లేదా అని వాదించుకున్నారు. పెళ్ళైందని తేలాక "అయ్యో పాపం" అంది ఒక పిల్ల. ఎవరిని చూసి అయ్యో పాపమో వెనక్కి తిరిగి అడుగుదామనుకున్నాను. నూకరత్నం కట్టుకున్న ఆకుపచ్చ గళ్ళచీరకు బట్టల కొట్లలో గిరాకీ పెరిగింది.

ఆవిణ్ణి స్టూడియోలో కూర్చోబెట్టారు. "ఆ బాబు ఎవరో నాకు తెలీదండి. చీకటండి. చెయ్యి మటుకు వదల్లేదండి" అందావిడ. ఆ చెయ్యి మళ్ళీ పట్టుకోవాలనుందా అని అడిగింది యాంకరు. నూకరత్నం కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. ఆ నవ్వును వెనక్కి తిప్పి తిప్పి చూశాను. చూసినప్పుడల్లా ఒక్కో అర్థం తోచింది, ఒక్కటీ నాకు నచ్చలేదు.

చివరికి ఒక మధ్యాహ్నం ఆయన కొట్టుకు వెళ్ళాక, తలుపు గడియ పెట్టి పట్టీ కట్టుకున్నాను. మొదట భయం వచ్చింది, నోరు ఎండిపోయింది. తరువాత ఛాతీలో ఏదో వెచ్చగా మొదలై వేళ్ళ కొసల దాకా పాకింది. పట్టీలో ఆలోచనలు రావని చెప్పాను. ఆ వెచ్చదనానికి మాటలు పెట్టాలంటే మాత్రం, ఈ ఒక్క మనిషి బతికితే చాలు, తక్కిన లోకం ఏమైపోయినా సరే అన్నట్టుంది. నా ప్రమేయం లేకుండా నా వేళ్ళే ఎవరి చేతినో వెతుక్కున్నాయి. పద్నాలుగేళ్ళ కాపురంలో నా మొగుడు నాకివ్వనిది, నాకు ఇలా టీవీలో అందరితో పాటు దొరికింది. పట్టీ విప్పి బియ్యం డబ్బాలో పడేశాను.

సాయంత్రం ఆయన వసారాలో కూర్చుని మైకు తీగలు అతుకుతున్నారు. వెళ్ళి ఎదురుగా నిలబడ్డాను.

"ఆవిడంటే ప్రేమా మీకు?"

"ఎవరే?"

"రాష్ట్రమంతా ఎవరి పేరు జపం చేస్తోందో ఆవిడ."

చేతిలో పని పక్కన పెట్టారు. అబద్ధం చెప్పడం ఆయనకు రాదు. వచ్చి ఉంటే మంత్రిగారి తమ్ముడి మాట అసలు బయటికే రాకపోను.

"ఆ కాసేపూ ఏదో అయినట్టే ఉంది ఇందూ. పేరు తెలీదు, మొహం తెలీదు. ఆ చెయ్యి అలా వణికిపోతా ఉంటే... ఏమయిందో నాకేం తెలుసు? తీగలు అతికించి చూసింది మీరు."

"మరి ఇప్పుడు?"

"ఇప్పుడేముంది? టీవీలో చూశాను. ఎవరో చేపలావిడ."

"నేనంటే ఎప్పుడైనా అలా అయిందా?"

ఆలోచించారు. ఎక్కడ ఆలోచించకూడదో సరిగ్గా అక్కడ ఆలోచించారు.

"అలా అవలేదు మేడమ్" అన్నారు.

మేడమ్ అన్నది మా పాత పిలుపు. మా ల్యాబు వార్షికోత్సవానికి మైకు పెట్టడానికి వచ్చినప్పుడు, "మేడమ్, మైకుని మింగేసేలా ఉన్నారు, కాస్త వెనక్కి జరగండి" అన్నారు. అదే మా తొలి పరిచయం. నన్ను మెత్తబరచాలనుకున్నప్పుడల్లా ఆ పిలుపు తీస్తారు. ఆ రోజు నేను మెత్తబడలేదు. అన్నం ఆయనే వడ్డించుకున్నారు.

*

మంత్రిగారి వకీలు సోమయాజులు గారు తెలివైనవాడు. మా ఆయన సాక్ష్యాన్ని అబద్ధమని ఆయన అనలేదు. నిజమైన ప్రేమ అన్నాడు.

"ఈ సాక్షికి ఆ స్త్రీ మీద ఉన్న ప్రేమను కోట్ల మంది తమ ఒంట్లో అనుభవించారు. ఆమె మంత్రిగారికి వ్యతిరేక వర్గం మనిషి. ప్రియురాలి పక్షాన నిలబడి చెప్పిన మాటను తటస్థ సాక్ష్యంగా ఎలా తీసుకుంటారు? ఆ రీడింగు సరైనదని సంతకం పెట్టిన శాస్త్రవేత్తను పిలిచి ఒక్క ప్రశ్న అడగనివ్వండి చాలు" అన్నాడు.

ఆ శాస్త్రవేత్తను నేనే. సరైనదే అంటే ప్రేమ రుజువవుతుంది. ప్రేమ రుజువైతే మా ఆయన మాట చెల్లదు, మంత్రిగారి తమ్ముడు తప్పించుకుంటాడు. గేట్లెయ్యమన్న మాట విన్నది లోకంలో మా ఆయన ఒక్కరే.

చెప్పడానికి సిగ్గేస్తుంది గానీ, నోటీసు అందగానే నాకు కలిగింది సంతోషం. ఔనండీ, ప్రేమే, నా యంత్రం అబద్ధమాడదు అని కోట్ల మంది ఎదుట అనేసి, ఆయన మొహం ఎలా ఉంటుందో చూడాలనిపించింది. చెప్పులు కొనుక్కోడానికెళ్ళిన కుర్రాడి తల్లి గుర్తొచ్చేదాకా ఆ సంతోషం ఉంది. గుర్తొచ్చాక కూడా పూర్తిగా పోలేదు.

విచారణకు ముందు రోజు పొద్దున్నే ల్యాబుకు వెళ్ళి ఆయన రీడింగు మొదటి నుంచీ తీశాను. వకీలు ఏం అడిగినా తడుముకోకూడదు కదా. మొదట సున్నా వచ్చింది. సున్నాను ఎవరూ పట్టీ కట్టుకుని చూడరు. బియ్యంలోంచి ఏరి పారేసిన రాళ్ళను ఎవరు వండుకుంటారు? నేనూ దాటేయబోయాను. కానీ గీత మరీ సాఫీగా ఉంది. గదిలో చొక్కా తడిసిపోయిన మనిషి గీత ఇంత సాఫీగా ఎలా ఉంది?

అప్పుడు వెలిగింది. సున్నా తీసేటప్పుడు పక్కన నేనున్నాను. అంటే ఆ సున్నాలో నేనూ ఉన్నాను. ఇంత చదువుకున్నాం, పెళ్ళాం పక్కన కూర్చున్నప్పటి మనసును మామూలు మనసని రాసేసుకున్నామని పరాంకుశం గారికీ తోచలేదు, నాకూ తోచలేదు.

టీవీ పెట్టెతో పని లేకుండా తీగను నేరుగా నా పట్టీకి కలిపి, సున్నా పెట్టుకున్నాను.

పెద్దగా ఏమీ జరగలేదు. ఒళ్ళు జలదరించలేదు. బిగిసి ఉన్న దవడ వదులైంది. భుజాలు రెండూ కిందికి దిగాయి. ఎండలో తిరిగి తిరిగి ఇంటికొచ్చి చెప్పులు విడిచినట్టుంది. ఒక ఊపిరి పూర్తిగా లోపలికి వెళ్ళి, తొందర లేకుండా బయటికి వచ్చింది. ఇక ఎక్కడికీ వెళ్ళక్కర్లేదన్నట్టు గుండె నెమ్మదించింది. అంతే. అది ఎంతసేపుంటే అంతసేపూ అలాగే ఉంది.

నేను చీర మీద జిగురు గోక్కుంటూ కూర్చున్నప్పుడు పక్కన ఆయన ఒంట్లో ఉన్నది ఇది. దీనికి మేము పెట్టిన పేరు సున్నా. రాష్ట్రానికి పంపే ముందు దీన్ని తీసి అవతల పారేశాం. మళ్ళీ పెట్టుకున్నాను. మళ్ళీ పెట్టుకున్నాను. ఏడ్చాను, నవ్వాను కూడా. ఎవరైనా వస్తారేమోనని ముక్కు తుడుచుకున్నాను.

వచ్చింది పరాంకుశం గారు. చెప్పాను. ఆయన కుర్చీలో కూలబడ్డారు.

"సున్నా తప్పని నువ్వు అక్కడ చెప్పావంటే పట్టీ పని అయిపోయినట్టే ఇందుమతీ. ఒక్క సాక్షిది తప్పంటే అందరిదీ అనుమానమే అంటారు. మళ్ళీ ఎవరూ దీన్ని నమ్మరు."

"కూర్చోమన్నది మీరే కదండీ."

"అందుకే బతిమాలుకుంటున్నాను." కుర్చీ ముందుకు జరుపుకుని, "ఒకటి అడగనా? నీకు ఆ చేతి ఘట్టం చెరిగిపోవాలనుంది. ఆ మనిషి పేరు నీ మొగుడి పేరు పక్కన వినబడకూడదనుంది. అది శాస్త్రం కాదమ్మా, అసూయ" అన్నారు.

"అసూయేనండీ. నిజం కూడానండీ. రెండూ కలిసి ఒకే మాట చెప్పమంటున్నాయి. ఏది ఎంతుందో వేరుచేసే యంత్రం మన దగ్గర లేదు" అన్నాను.

పెద్దాయన భుజాలు కూడా దిగాయి. అది మాత్రం వేరే రకం దిగడం.

*

విచారణ జరిగే హాలు వరండాలో నూకరత్నం ఎదురుపడింది. టీవీలో కంటే పొట్టిగా ఉంది. నన్ను చూసి గబగబా వచ్చింది.

"అమ్మా, భద్రంగారి ఇంటావిడ మీరేగదండీ. ఆ టీవీవోళ్ళతో మీరైనా చెప్పండమ్మా. నా గంప చుట్టూ జనమేగానండి, చేప కొనే నాథుడు లేడండి. చెయ్యి చూపించమంటారు, ఫోటోలు దిగుతారు, పోతారండి." చెయ్యి చాపి చూపించింది. "ఆయన పట్టుకున్న పట్టుకి వారం రోజులు వాచిపోయిందండి. ఆ సంగతి మటుకు ఎవరికీ అక్కర్లేదండి."

మంచి మనిషే. అయినా ఆ చెయ్యి వంక చూడకుండా ఉండలేకపోయాను. గట్టి చెయ్యి. చెబుతానులే అని లోపలికి వెళ్ళాను.

న్యాయమూర్తి హైమావతి గారు ఎత్తైన బల్ల వెనక కూర్చున్నారు. సోమయాజులు గారు నవ్వుతూ లేచాడు.

"అమ్మా, సాక్షి భద్రంగారి రీడింగు సరైనదేనా?"

"కాదండి."

హాల్లో గోల లేచింది. నేను ఆగకుండా చెప్పేశాను. సున్నా ఒంటరిగా తీయాలనీ, తీయలేదనీ, పక్కన నేను కూర్చున్నాననీ, సంతకం కూడా నాదేననీ.

"తక్కెడలో ఒక పళ్ళెంలో నేను కూర్చున్నానండి. రెండో పళ్ళెంలో వేసింది ఎంత తూగిందో ఇప్పుడు ఎవరూ చెప్పలేరు. అది ప్రేమో, భయమో, సాటి మనిషి మీద జాలో ఈ రీడింగు చూసి నేను చెప్పలేను. మీరూ చెప్పలేరు."

సోమయాజులు గారి నవ్వు పోలేదు. "భర్తను కాపాడుకోవడానికి భార్య చెప్పిన కథ ఇది. మీరు ఆ సున్నాలో ఉన్నారని రుజువేమిటి?"

"సున్నా రికార్డయి ఉందండి."

"అయితే దాన్ని ప్రసారం చేయించండి! జనం పట్టీలు కట్టుకునే ఉన్నారు. మీరు అందులో ఉన్నారో లేదో వాళ్ళే చెబుతారు."

మా ఆయన భయం జనానిదైంది, ఆ చెయ్యి జనానిదైంది. ఇప్పుడు ఇది కూడానా? నిన్న పొద్దున్న ల్యాబులో ఒంటరిగా దొరికింది, రేపటికల్లా దానికో పేరు పెట్టి ఛానెళ్ళలో తిప్పుతారు. కొత్త దంపతులు కట్టుకుంటారు. బస్సులో పిల్లలు వాదించుకుంటారు. ఇవ్వనని అరవాలనిపించింది. ఇవ్వకపోతే రుజువు లేదు. రుజువు లేకపోతే ఆ తల్లికి మిగిలేది చెప్పుల కథే. వెనక వరసలో మా ఆయన ఏమీ అర్థంకాక నా వంకే చూస్తున్నారు.

అప్పుడు టీవీ పెట్టె గుర్తొచ్చింది.

"తప్పకుండా పెడతానండి" అన్నాను. నా గొంతు నాకే తీయగా వినబడింది. "అయితే న్యాయమూర్తిగారి పట్టీకి తీగ నేరుగా కలపాలి. మధ్యలో పెట్టె ఉండకూడదు."

హైమావతి గారు తలూపి చెయ్యి చాపారు. నేనే కట్టాను. సోమయాజులు గారు జనంతో పాటు తన మామూలు పట్టీ బిగించుకున్నాడు. సున్నా పెట్టాను.

హాలంతా మణికట్ల వంక చూసుకుంటోంది. ఎవరికీ ఏమీ రాలేదు. ఒకాయన పట్టీని కొట్టి చూసుకున్నాడు. సోమయాజులు గారు చెయ్యి విదిలించాడు. హైమావతి గారు మాత్రం కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టారు. వెనక్కి ఆనుకున్నారు. ఆవిడ భుజాలు మెల్లగా దిగాయి. రికార్డు అయిపోయాక కూడా కాసేపు పట్టీ విప్పుకోలేదు.

"మీ పెళ్ళై ఎన్నేళ్ళయింది?" అని అడిగారు.

"పద్నాలుగేళ్ళండి."

"ఇది ఒంటరిగా కూర్చున్న మనిషి స్థితి కాదు. రీడింగు మొత్తం కొట్టేస్తున్నాను. అందులో ప్రేమ ఉందన్న వాదన కూడా దానితోనే పోతుంది. సాక్షి నోటితో చెప్పిన మాట ఉంది. పట్టీలు లేకుండా అది మళ్ళీ వింటాను."

"నాకేమీ రాలేదండీ! ఎవరికీ ఏమీ రాలేదు!" అని సోమయాజులు గారు లేచాడు.

"రాదండి" అన్నాను. "టీవీ పెట్టె ఏది పంపినా అందులోంచి ఆయన సున్నాను తీసేసి పంపుతుంది. సున్నాలోంచి సున్నా తీసేస్తే ఏమీ మిగలదు."

"అయితే ఆ పెట్టె తీసేసి పంపండి!"

"అక్కర్లేదు. తేల్చాల్సింది నేను. తేలింది" అన్నారు హైమావతి గారు.

మర్నాడు మా ఆయన మళ్ళీ నిలబడ్డారు. తీగలు లేవు, పట్టీలు లేవు. మంత్రిగారి తమ్ముడి మాటను అతను ఎక్కడ ఊపిరి తీసుకున్నాడో అక్కడే ఆగి, అతని యాసలోనే చెప్పారు. ఆ రోజు టీవీ చూసినవాళ్ళు చాలా తక్కువట. చూసినవాళ్ళలో ఆ తల్లి ఉంది. ఆ మాట మీదే తమ్ముడి పేరు రిపోర్టులోకి ఎక్కింది, ఆ తరువాత జైలుకూ వెళ్ళాడు.

పట్టీలను ప్రభుత్వం వెనక్కి తీసుకుంది. మా విభాగానికి తాళం పడింది. పరాంకుశం గారు వీధిలో కనబడితే తల పక్కకు తిప్పుకుంటారు, నేనూ పలకరించే ధైర్యం చేయలేకపోతున్నాను. ఉద్యోగం పోయిన మనిషిని కాబట్టి సాయంత్రాలు కొట్టు దగ్గరే ఉంటున్నాను. నూకరత్నం చేపలు మళ్ళీ అమ్ముడుపోతున్నాయని విన్నాను. మంచిదే. నేను మాత్రం చేపలు వేరేచోట కొంటున్నాను.

మొన్న అప్పలస్వామి బండి ఆపి అడిగాడు.

"ఆ ఆఖరి రోజు పట్టీలో ఏమీ రాలేదండి. మా ఆవిడ పాడైపోయిందని నేలకేసి కొట్టిందండి. అసలందులో ఏముందండి అమ్మా?"

"ఏమీ లేదు అప్పలస్వామీ. ఒట్టి సున్నా."

"అంతేనా అండి" అన్నాడు నిరాశగా. ఈసారి తోటకూరకు డబ్బులు అడిగి తీసుకున్నాడు.

కొట్టుకు వెళ్ళేసరికి ఆయన విప్పిన స్పీకరు ముందు కూర్చుని ఉన్నారు. ఆ రోజు హాల్లో ఏం పెట్టానో ఆయనకు ఇప్పటికీ సరిగ్గా తెలియదు. ఒకసారి అడిగితే, ఏదో లెక్కలే అన్నాను. స్టూలు లాక్కుని పక్కన కూర్చున్నాను. మాట్లాడలేదు. ఆయన తలెత్తలేదు, పని ఆపలేదు. భుజాలు మాత్రం రెండూ కిందికి దిగాయి.

ఆ దిగడం రాష్ట్రంలో ఎవరికీ తెలియదు. నూకరత్నానికి అసలే తెలియదు. ఆ హైమావతి గారికి కూడా తెలియకుండా ఉంటే ఇంకా బాగుండేది.